కదలొద్దంటే కూర్చోరు, పీత వస్తుందంటే కూర్చుంటారు

నాలుగేళ్ల పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి "కళ్లు మూసుకోండి, ఊపిరి మీద ధ్యాస పెట్టండి" అంటే ఏమవుతుందో చెప్తాను. ఒకడు ఒంటికన్ను తెరిచి పక్కవాణ్ణి చూస్తాడు. పక్కవాడు కిసుక్కుమంటాడు. వెనక నుంచి ఓ పిల్ల "టీచర్ గారండీ, వీడు కళ్లు తెరిచాడండీ" అని కంప్లయింటు. తను కళ్లు తెరవకుండా అది ఎలా చూసిందో అడిగితే ఏడుపు. ధ్యానం అక్కడితో సరి.

నేను కాకినాడలో మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకి చిన్న బడి నడుపుతున్నాను. రెండు గదులు, వెనక కాస్త మట్టినేల, ఒక వేపచెట్టు, గోడవారన కుండీలు. మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఇప్పుడు ఎదురుగా ఉన్నదాని మీద ధ్యాస నిలపడం, ఆ మాట ఇప్పుడు ప్లేస్కూళ్ల బ్రోచర్లలోకి కూడా వచ్చేసింది కాబట్టి "మీ దగ్గర అది నేర్పుతారా" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఈనాడు ప్రపంచమంతా పాకిన పద్ధతి చాలావరకు 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన క్లాసుల నుంచి వచ్చింది. ఎన్ని మందులు వాడినా నొప్పులు తగ్గని పెద్దవాళ్ల కోసం పెట్టిన క్లాసులవి. వాటిలో ఒకే ఒక్క కిస్‌మిస్‌ను అరచేతిలో పెట్టుకుని తీరిగ్గా చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమలడం ఒక పాఠం. చిన్నపిల్లలకి అందులోంచి ఉన్నదున్నట్టు పనికొచ్చేది నాకు ఇదొక్కటే కనిపించింది. ఎందుకంటే ఇక్కడ చేతిలో ఒక వస్తువుంది.

నేను పట్టుకున్న సూత్రం అదే. చిన్నపిల్లల చూపు నిలవాలంటే ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి, అది నెమ్మదిగా మారుతూ ఉండాలి. అల్లరి చేస్తే పోయేది, ఆగితే దొరికేది అయితే ఇంకా మంచిది. అలాంటివి వెతికి పెట్టడం వరకే మన పని.

మొదట అత్తిపత్తితో మొదలుపెట్టండి. కాలవగట్ల మీద, ఖాళీ స్థలాల్లో బోలెడు ఉంటుంది. ముళ్లుంటాయి కాబట్టి పెద్దవాళ్లే వేర్లతో సహా తవ్వి తెచ్చి కుండీలో పెట్టాలి. మామూలుగా పిల్లలు చేసేది ముట్టుకోవడం. ఆకు ముడుచుకుంటుంది, కేరింతలు కొడతారు, పక్క ఆకు ముడతారు, అరనిమిషంలో మొక్కంతా ముడుచుకుపోతుంది, ఆట అయిపోతుంది. నేను దాన్ని తిరగేశాను. ఒక్కరే, ఒక్క రెమ్మనే, ఒక్కసారే ముట్టుకోవాలి. తర్వాత అది విచ్చుకునేదాకా అందరం చూడాలి. ముడుచుకోవడం చిటికెలో అయిపోతుంది. విచ్చుకోవడానికి పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆకు మొదట్లో కాస్త ఉబ్బెత్తుగా ఉండేచోట ఒక పక్క కణాల్లోంచి నీరు దిగిపోవడం వల్ల అది వాలిపోతుంది. ఆ నీరు మళ్లీ ఎక్కితేనే లేస్తుంది. "పాపం, భయపడింది, ధైర్యం వచ్చేదాకా అల్లరి చెయ్యొద్దు" అని చెప్పే టీచర్లున్నారు. పిల్లలు వింటారు కూడా. నేను మాత్రం అలా చెప్పను. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమని నేర్పుతూ మొక్క మీద లేని భయం పెట్టడమేమిటి? "నీళ్లు దిగాయి, మళ్లీ ఎక్కుతున్నాయి, చూద్దాం" అంటాను. వాళ్లకి అదే పెద్ద వింత.

మూడేళ్లవాడు పది నిమిషాలు కూర్చోడు. ఒకటి రెండు నిమిషాలు చూసి లేచిపోతాడు, ఇసుకలో ఆడి మళ్లీ వస్తాడు, "అయిందా?" అంటాడు, మళ్లీ పోతాడు. పోనివ్వండి. వాడు తిరిగి వచ్చాడా లేదా అన్నదే మనం చూసుకోవాల్సింది. ఏళ్ల తరబడి ధ్యానం చేసే పెద్దవాళ్లు కూడా చెదిరిన మనసుని మళ్లీ మళ్లీ వెనక్కి తెచ్చుకోవడమే చేస్తారు. వీడు ఆ పని కాళ్లతో చేస్తున్నాడు, అంతే తేడా.

బడి అయ్యాక ఇంట్లో చూపించడానికి చంద్రకాంత బాగుంటుంది. సాయంత్రం నాలుగు దాటాక మొగ్గలు విచ్చుకుంటాయి. ఎండాకాలం, వానాకాలం అని లేకుండా కుండీలో కూడా పూస్తుంది, విత్తనాలు మిరియపు గింజల్లా నల్లగా ఉంటాయి, పిల్లలే ఏరి నాటుకోవచ్చు.

చీమలకైతే దమ్మిడీ ఖర్చు లేదు. గట్టు మీద శనగగింజంత బెల్లం ముక్క పెట్టి కూర్చోవడమే. నల్ల చీమలుండే చోటే చూసుకోండి, ఎర్రచీమల జోలికి వెళ్లొద్దు. ముందు ఒక చీమ వస్తుంది, బెల్లం చుట్టూ తిరుగుతుంది, వెళ్లిపోతుంది. "వెళ్లిపోయిందండీ!" అని పిల్లలు డీలా పడతారు. ఆగమనండి. కాసేపటికి అది వెళ్లిన వైపు నుంచే నాలుగైదు వస్తాయి, ఆ తర్వాత బారు కడతాయి. బారు చిక్కబడ్డాక దానికి అడ్డంగా తడివేలితో గట్టిగా ఒక గీత గీయండి. చీమలు గీత దాకా వచ్చి టక్కున ఆగిపోతాయి. మీసాలు ఆడిస్తూ అటూ ఇటూ తడుముకుంటాయి. కొన్ని వెనక్కి తిరుగుతాయి, వెనకొచ్చేవాటికి ఎదురుపడి మూతీ మూతీ రాసుకుంటాయి. రెండు పక్కలా గుంపు పెరుగుతుంది. ఉన్నట్టుండి ఒకటి తెగించి దాటుతుంది, దాని వెనకే ఇంకోటి. కాసేపట్లో బారు మళ్లీ కుదురుకుంటుంది. అవి దారి పొడుగునా వదిలిన వాసనని మన వేలు తుడిచేసింది, మళ్లీ పూసుకున్నాయి. ఒకసారి ఒక పాప ఆ గీత పక్కన బోర్లా పడుకుని గడ్డం నేలకి ఆనించి చూస్తోంది. తీసుకెళ్లడానికి తల్లి వచ్చి "యూనిఫాం మట్టయిపోయిందే!" అంటే, తల తిప్పకుండా "ఉండమ్మా, అది దారి ఎతుక్కుంటంది" అంది. తల్లి కూడా హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టి కూర్చుంది.

ఇలాంటప్పుడు పెద్దవాళ్లు చేసే పాడుపని ఒకటుంది. "ఎన్ని చీమలున్నాయి నాన్నా? ఏ కలర్? ఇంగ్లిష్‌లో ఏమంటారు? స్పెల్లింగ్ చెప్పు." చూస్తున్న పిల్ల తల ఎత్తి మన మొహం చూస్తుంది. చీమ పోయింది, పరీక్ష వచ్చింది. వాళ్లు అడిగేదాకా నోరు మెదపకండి. అడిగితే అడిగినంతే చెప్పండి. ఫోటో తీయడం కూడా ప్రశ్న అడగడం లాంటిదే. ఫోన్ చేతిలోకి రాగానే పిల్లలు చీమని వదిలేసి ఫోజు పెడతారు.

వినడానికి వేరే ఆట. మాంటిస్సోరి బడుల పద్ధతి మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి పిల్లలతో ఆడించిన నిశ్శబ్దం ఆట ఇది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండిపోయారు, ఎంతోమంది టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఆట ఇలా ఉంటుంది. పిల్లలంతా చప్పుడు చేయకుండా కూర్చుంటారు. మీరు పక్క గదిలోకి వెళ్లి, గుసగుసగా ఒక్కొక్కరి పేరు పిలుస్తారు. పేరు వినబడినవాళ్లు మునివేళ్ల మీద నడిచి మీ దగ్గరికి రావాలి. తన పేరు ఎక్కడ తప్పిపోతుందోనని ప్రతివాడూ చెవులు రిక్కిస్తాడు. ఆ వినడంలో ఫ్యాను కిర్రుమనడం, వీధిలో ఉప్పు బండి కేక, వేపచెట్టు మీద ఉడుత అరుపు అన్నీ వినబడిపోతాయి. గట్టిగా అరిచే పిల్లల పేర్లు చివర్లో పిలవండి. వాళ్లే అందరికన్నా ఎక్కువసేపు వింటారు.

కాస్త పెద్ద పిల్లలైతే సాయంత్రాలు వాడుకోవచ్చు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్లో పొద్దువాలే వేళ పిల్లలు మాటల్లేకుండా కూర్చుని కొండల వెనక సూర్యుడు దిగడం చూస్తారు. అస్తాచల్ అంటారు దాన్ని. మనకి కొండలు లేకపోతే డాబా ఉంది.

ఊపిరి సంగతి ఇవన్నీ అలవాటయ్యాకే. పిల్లని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద కాగితప్పడవ పెట్టండి. ఊపిరి పీలిస్తే పడవ లేస్తుంది, వదిలితే దిగుతుంది. పడవ బోర్లా పడకుండా ఐదు అలలు దాటించమనండి, చాలు. "పువ్వు వాసన చూడు, కొవ్వొత్తి ఊదు" అని వీడియోల్లో చెప్తుంటారు. మన ఇళ్లలో దీపం ఊదితే నాయనమ్మలు ఊరుకోరు. వేడి పాలు చల్లార్చుకున్నట్టు ఊదమనండి, అందరికీ తెలిసిన పనే. కోపంతో ఊగిపోతున్న పిల్లాడికి అప్పటికప్పుడు ఇది చెప్పి లాభం లేదు. ముందు ఎత్తుకోండి. ఇంకో మాట, అల్లరి చేసినందుకు శిక్షగా "వెళ్లి ఆ మొక్క దగ్గర కూర్చో" అని ఎప్పుడూ అనకండి. ఇక ఆ మొక్క వంక చూడరు.

పుస్తకాల విషయానికొస్తే, కొనేముందు అక్షరాల మీద చెయ్యి అడ్డం పెట్టి బొమ్మ ఒక్కటే చూడండి. రాసినవాళ్లు చెప్పనిది ఏదైనా బొమ్మలో ఉందా? మూలన ఒక బల్లి, పేజీ పేజీకీ చోటు మారే పిల్లి, కిటికీ బయట మారుతున్న వెలుతురు? ఉంటే కొనండి. రంగులు కళ్లలో పొడిచేట్టుండి, ప్రతి జంతువూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటే వదిలేయండి. చివరి పేజీలో నీతివాక్యం ఉన్న పుస్తకమైతే నేను ఆ వాక్యం చదవను, పుస్తకం మూసేస్తాను. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ 2015 నుంచి ఉంది. అందులో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, దింపుకుని ప్రింటు తీసుకోవచ్చు. చిన్నపిల్లలకి మొదటి లెవెల్ చాలు. ఫోన్లో చూపించకండి, వేలు పెట్టి చూపించబోతే పేజీ జారిపోతుంది. చెన్నైలో పిల్లల పుస్తకాలు వేసే తూలికా వాళ్ల రెండు భాషల పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కనే ఉంటాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు చవక. సికింద్రాబాద్‌లో "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్ల దగ్గర కూడా పిల్లల పుస్తకాలు చాలా ఉన్నాయి.

చదివేటప్పుడు ముందు చదవకండి. పేజీ తెరిచి, మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టండి. ఇది చెప్పినంత సులువు కాదు, నాలుగు దగ్గరే మనకి నోరు దురద పెడుతుంది. ఈలోపు పిల్ల వేలు ఎక్కడో ఒకచోట ఆనుతుంది. మీరూ అక్కడే చూడండి, "ఊఁ" అనండి. ఒకే ఒక్క ప్రశ్న అడగొచ్చు: "ఇంకేం కనబడుతోంది?" దానికి తప్పు జవాబుండదు. వాళ్లు చెప్పడం అయిపోయాక అక్షరాలు చదవండి. పేజీ తిప్పేది పిల్లలే. ఒకే పేజీ దగ్గర ఆగిపోయి పడుకునే వేళ దాటిపోతే, ఆ రాత్రికి ఆ పేజీయే కథ.

మా ఆయా కొడుకు పాలిటెక్నిక్ చదువుతూ మాకోసం చార్టుల మీద ఒక పుస్తకం గీసిచ్చాడు. అందులో వానలో మార్కెట్ వీధి ఒకటుంది. టార్పాలిన్ కప్పిన కూరగాయల బండి, దాని కింద ముడుచుకున్న కుక్క, రోడ్డు గుంటలో నిలిచిన నీళ్లు. ఎన్నోసార్లు చూసిన పేజీయే. ఒకరోజు ఐదేళ్ల పిల్లాడొకడు నీళ్లగుంట మీద వేలు పెట్టి కదలకుండా ఉండిపోయాడు. ఆ నీళ్లలో గొడుగు పట్టుకున్న మనిషి నీడ ఉంది, పైన మాత్రం మనిషి లేడు. నేనూ అప్పటిదాకా గమనించలేదు. "ఆయన ఇంకా బొమ్మలోకి రాలేదండి, వస్తన్నాడండి" అన్నాడు. మర్నాడు నిజంగా వాన పడితే పిల్లలంతా వీధిలో గుంటల చుట్టూ చేరి, నీళ్లలో ఏం కనబడుతోందో, పైన ఏముందో పోల్చి చూసుకున్నారు. కరెంటు తీగ, కాకి, ఎదురింటి డాబా మీది చీర. పేజీలోంచి వీధిలోకి, వీధిలోంచి పేజీలోకి ఇలా తిప్పడం మన చేతిలో పనే. నాలుగేళ్ల లోపు వాళ్లకి మాత్రం ముందు అసలు చీమని చూపించి, ఆ తర్వాత చీమ పుస్తకం తెరవండి. ముందు పుస్తకం చూపిస్తే, బయట చీమ కూడా టోపీ పెట్టుకుని ఉండాలనుకుంటారు.

సొంత పుస్తకం చేయించడం అన్నిటికన్నా మంచి పని. తెల్లకాగితాలు మడిచి మధ్యలో దారంతో కుట్టి, అట్ట మీద "మా వేపచెట్టు" అని రాసిపెట్టాం. నెలకి ఒక పేజీ. మాఘ, ఫాల్గుణాల్లో రాలిన ఆకు అతికిస్తారు. తర్వాత రాగి రంగు చిగురు. ఉగాదికి పూత, అది అతికించడం కష్టం కాబట్టి జిగురు రాసి పొడిలా చల్లుతాం. ఆషాఢానికి పళ్లు రాలతాయి, చీకి పారేసిన గింజ ఒకటి అతుక్కుంటుంది. కాకి రెట్ట కూడా ఒక పేజీలో ఉంది, అది వాళ్ల పట్టుదల. అపార్ట్‌మెంట్‌లో చెట్టు లేదంటారా, పెరుగు డబ్బాలో మెంతులు చల్లండి. రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి, రోజుకో పేజీ గీయొచ్చు.

కొన్ని జాగ్రత్తలు. మునగచెట్టు కాండం మీద గొంగళిపురుగులు గుంపుగా ఉంటాయి, తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. గన్నేరు, ఉమ్మెత్త విషం. వాటిని పిల్లలకి చూపించి మరీ పేర్లు చెప్పండి, కనబడకుండా దాచి లాభం లేదు. ఆకులు, పూలు, పళ్లు ఏవీ నోట్లో పెట్టకూడదన్నది మొదటి రోజే చెప్పే రూలు.

"దీనివల్ల కాన్సంట్రేషన్ పెరుగుతుందా, మార్కులొస్తాయా?" అని అడుగుతారు. ఎల్‌కేజీ పిల్లకి మార్కుల టెన్షన్ ఏమిటని నాకు ఒళ్లు మండుతుంది, కానీ ఫీజు కట్టేది వాళ్లు. నేను చూసింది చెప్తాను. పిల్లలు అల్లరి మానరు. అల్లరి మధ్యలో, ఎవరూ చెప్పకుండానే, ఏదో ఒకదాని దగ్గర ఆగడం మొదలుపెడతారు. అంతకుమించి మాటిస్తే అబద్ధం.

మాకు దగ్గర్లో ఉన్నది కోరింగ అభయారణ్యం. గోదావరి సముద్రంలో కలిసే చోటి మడ అడవులు. నేల మీద కాలు పెట్టక్కర్లేకుండా చెక్కదారి వేశారు, దాని మీద నడుస్తూ రెండు పక్కలా బురద చూడొచ్చు. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు మడచెట్ల శ్వాస వేర్లు పైకి పొడుచుకుని ఉంటాయి. బురదలో గాలి అందదు కాబట్టి చెట్టు అలా వేర్లు పైకి పెట్టి గాలి పీల్చుకుంటుంది. కాగితప్పడవ ఆట ఆడిన పిల్లలకి ఇది చెప్తే వెంటనే పట్టేస్తారు. చెట్టుకి పొట్టెక్కడుంది అని కూడా అడుగుతారు.

అసలు పాఠం చెప్పేవి అక్కడి చిన్న చిన్న పీతలు. ఒక చెయ్యి మాత్రం ఒళ్లంత పెద్దగా ఉంటుంది మగవాటికి. పిల్లలు దబదబా పరుగెత్తుకొస్తే ఒక్క పీత కనబడదు, బురద నిండా కన్నాలు మాత్రమే. "ఏం లేవండీ" అంటారు. అప్పుడు ఒక కన్నం ఎంచుకుని చూస్తూ ఉండమంటాను. ఒకట్రెండు నిమిషాలకి కన్నం అంచున కళ్లు రెండు పుల్లల్లా లేస్తాయి. తర్వాత సగం ఒళ్లు. ఎవరైనా వేలు చూపించి "అదిగో!" అన్నారా, చటుక్కున లోపలికి. పక్కవాళ్లంతా వాణ్ణి తిడతారు. రెండోసారి ఎవరూ అరవరు. మూడోసారి పీత పూర్తిగా బయటికొచ్చి ఆ పెద్ద చెయ్యి ఊపుతుంది, దాన్ని చూసి ఇంకోటి, కాసేపటికి బురదంతా చేతులే. కదలొద్దని నేను ఒక్కసారి కూడా చెప్పాల్సిన పని లేదు.

సముద్రపు నీళ్లు వెనక్కి తీసే పాటు వేళ చూసుకుని వెళ్లండి. పోటు మీద వెళ్తే నీళ్లు తప్ప బురద కనబడదు. పొద్దున్నే అయితే ఎండ బాధ తక్కువ. దోమలకి పూత, తాగడానికి నీళ్లు మర్చిపోవద్దు. చెక్కదారి అంచున వంగి చూసే పిల్లలుంటారు కాబట్టి ఇద్దరికి ఒక పెద్దవాళ్లైనా ఉండాలి. వచ్చాక ఇంట్లో పీత బొమ్మ గీయిస్తే ఒక చెయ్యి పేజీ దాటిపోయేంత గీస్తారు, సరిదిద్దకండి. ఆ వారం మాత్రం పీతల ఇగురు పెట్టుకోకండి. మా బడిలో ఒకమ్మాయి కంచం ముందు కూర్చుని, ఇది చెయ్యి ఊపిన పీతేనా, ఊపనిదా అని వాళ్ల నాన్నగారిని అడిగింది. ఆయన ఆ రోజు పెరుగన్నం తిని లేచారట.